‘మళ్ళీ నడుస్తారా?’ అన్న ప్రశ్నకు ఎక్స్‌రే ఒక్కటే జవాబు చెప్పలేదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

ఇంట్లో పెద్దవారు కాలు జారి పడి తుంటి ఎముక విరిగితే, ఆస్పత్రి నడవాలో నిలబడ్డ కుటుంబం వైద్యులను ముందుగా అడిగే ప్రశ్నలు రెండే. ప్రాణానికి ప్రమాదమేమైనా ఉందా అన్నది మొదటిది, మళ్ళీ లేచి నడుస్తారా అన్నది రెండోది. ఇరవై రెండేళ్ళుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తూ ఈ రెండు ప్రశ్నలనూ కొన్ని వందలసార్లు విన్నాను. మొదటిదానికి గుండె, ఊపిరితిత్తులు, రక్తపరీక్షలు అన్నీ చూసి, మత్తుమందు వైద్యులతో కూడా సంప్రదించి, ఎంతో జాగ్రత్తగా జవాబు చెబుతారు. రెండోదానికి మాత్రం రోగి వయసు, చేతిలో ఉన్న ఎక్స్‌రే తప్ప మరేదీ చూడకుండానే "ఈ వయసులో కష్టమండీ" అనో, "ఏం పర్వాలేదు, నెలలో నడిపించేస్తాం" అనో ఒక్క మాటలో తేల్చేయడం చాలాసార్లు చూశాను. రోగిని మంచం మీదినుంచి ఎప్పుడు దింపాలి, వ్యాయామం ఎన్నాళ్ళు చేయించాలి, ఇంటికి తీసుకువెళ్ళాలా లేక వేరే ఏర్పాటు చూసుకోవాలా అన్నవన్నీ ఆ ఒక్క మాటను బట్టే నిర్ణయమైపోతున్నాయి కనుక, అటువంటి అంచనాను దేని ఆధారంగా చెప్పాలో మీ పాఠకులకు వివరించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మూడేళ్ళ క్రితం, 81 ఏళ్ళ మా అమ్మ తెల్లవారుజామున మంచం దిగుతూ పడిపోయింది. ఎడమ తుంటి విరిగింది. మర్నాడే ఆపరేషన్ చేశారు, చక్కగా జరిగింది. ఆపరేషన్ చేసిన వైద్యులు బయటికి వచ్చి, "రాడ్ బాగా కూర్చుంది, కానీ ఈ వయసులో మళ్ళీ నడక ఆశించకండి" అన్నారు. ఆయన మంచి వైద్యులు, అందులో దురుద్దేశం ఏమీ లేదు. అయితే ఆ మాట కేస్ షీట్‌లోకి ఎక్కకపోయినా వార్డంతా పాకిపోయింది. ఎలాగూ లేవని మనిషికి తొందరేమిటని మూత్రపు గొట్టం తీయలేదు. రెండు రోజులపాటు ఆమెను కనీసం మంచం అంచున కూర్చోబెట్టనైనా లేదు. వృత్తిరీత్యా అన్నీ తెలిసిన నేను కూడా ఆ రెండు రోజులూ కూతురిగా ఆ మాటను నమ్మి ఊరుకున్నాను. తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఎక్స్‌రే చెప్పేది ముఖ్యమైన విషయమే. తొడ ఎముకకు పైన బంతిలాంటి తల, దాని కింద సన్నని మెడ ఉంటాయి. తలకు రక్తం అందించే నాళాల్లో ఎక్కువ భాగం ఆ మెడను అంటిపెట్టుకొని పైకి పోతాయి. మెడ విరిగి ముక్కలు పక్కకు జరిగితే ఆ నాళాలు దెబ్బతిని తల చచ్చుబడే ప్రమాదం ఉంది కాబట్టి, పెద్ద వయసువారిలో సాధారణంగా ఆ బంతిని తీసేసి కృత్రిమమైనది అమరుస్తారు. మెడకు దిగువన విరిగితే రక్తప్రసారానికి అంత ముప్పు ఉండదు కనుక స్క్రూ, ప్లేటుతోనో, ఎముక లోపలికి దింపే రాడ్‌తోనో బిగిస్తారు. అంటే, ఏ ఆపరేషన్ చెయ్యాలో ఎక్స్‌రే వల్ల తేలుతుంది. ఆ మనిషి నాలుగు నెలల తరువాత ఎవరి సాయమూ లేకుండా స్నానాల గదికి వెళ్ళగలరా అన్నది మాత్రం దాన్నిబట్టి తేలదు.

వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, తుంటి విరిగిన పెద్దవారిలో ఏడాది తిరిగేసరికి 100 మందిలో 20 నుంచి 30 మంది దాకా మరణిస్తున్నారు. బతికి బయటపడ్డవారిలో సుమారు 40 నుంచి 60 శాతం మంది పూర్వపు నడకను తిరిగి అందుకుంటున్నారు. అంటే "ఈ వయసులో కష్టం" అని అందరికీ చెప్పినా, "నెలలో నడుస్తారు" అని అందరికీ చెప్పినా, దాదాపు సగం మంది విషయంలో తప్పు చెప్పినట్టే. ఎదుట ఉన్న మనిషి ఏ సగానికి చెందుతారో తెలుసుకోవడమే అసలు పని.

ఆ పనికి అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చే సమాచారం ఏ యంత్రంలోనూ దొరకదు. పడిపోకముందు ఆ మనిషి ఎలా తిరిగేవారు అన్నదే ఆ సమాచారం. 1993లో బ్రిటన్‌లో పార్కర్, పామర్ అనేవారు ఇందుకోసం చాలా చిన్న కొలమానం ఒకటి రూపొందించారు. ఇంట్లో తిరగగలిగేవారా, ఇల్లు దాటి బయట నడవగలిగేవారా, దుకాణానికి వెళ్ళి కావలసినవి తెచ్చుకోగలిగేవారా అన్న మూడే ప్రశ్నలు. ఇబ్బంది లేకుండా చేయగలిగితే 3, కర్ర వంటి ఆధారంతో చేయగలిగితే 2, మరొక మనిషి సాయం కావలసివస్తే 1, అసలు చేయలేకపోతే సున్నా. మొత్తం 9 మార్కులు. ఖర్చు లేదు, పరికరం అక్కర్లేదు, అడగడానికి రెండు నిమిషాలు చాలు. ఇంత తేలికైన కొలత ఆపరేషన్ తరువాత మనిషి ఎంతవరకు కోలుకుంటారన్న విషయాన్ని వయసొక్కటే చెప్పగలిగినదానికన్నా మెరుగ్గా సూచిస్తుంది. అయినా నేను తిరగేసిన కేస్ షీట్లలో రక్తపోటు, చక్కెర, పొటాషియం అంకెలన్నీ తేదీలతో సహా కనబడతాయి గానీ, పడకముందు రోగి ఎలా నడిచేవారో రాసిన ఒక్క వాక్యం కనబడడం అరుదు.

ఆ సమాచారం కుటుంబం దగ్గర ఉంటుంది. కాకపోతే అడిగే తీరులో ఉంది అంతా. "అమ్మగారు బాగా నడిచేవారా?" అంటే "ఆఁ, బాగానే తిరిగేవారండీ" అని తప్ప మరో జవాబు రాదు. పిల్లల మనసులో ఉండేది పదేళ్ళనాటి తల్లి రూపం. అందుకని నేను పడిపోవడానికి ముందు రెండు వారాల గురించే అడుగుతాను. చేతులు ఊతం పెట్టకుండా కుర్చీలోంచి లేచేవారా? మెట్లెక్కేటప్పుడు ఒక్కో మెట్టుకూ రెండు పాదాలూ ఆనించేవారా? స్నానం ఎవరు చేయించేవారు? ఈ ఏడాదిలో ఇంతకుముందు ఎప్పుడైనా పడ్డారా, బట్టలు వదులయ్యేంతగా చిక్కిపోయారా? ఇలా అడిగితే పిల్లలు కాసేపు ఆలోచనలో పడతారు, అప్పుడు నిజం బయటికి వస్తుంది. ఒక్కోసారి ఆ నిజం మేము ఊహించినదానికన్నా కష్టంగా ఉంటుంది. ఒక్కోసారి 88 ఏళ్ళ మనిషి రోజూ మిద్దె మీదికి ఎక్కి మొక్కలకు నీళ్ళు పోసేవారని తెలిసి, వయసు చూసి వేసుకున్న లెక్కంతా మార్చుకోవలసి వస్తుంది. వయసుకు విలువ లేదని నేను అనడం లేదు. కండ తరుగుదల, చూపు మందగించడం, నాలుగైదు జబ్బులు, అరడజను మాత్రలు వయసుతో కలిసి వస్తాయి కనుకనే వయసుకు అంత బరువు. ఆ విషయాలను విడివిడిగా చూడగలిగినప్పుడు వట్టి అంకెను పట్టుకుని వేలాడవలసిన పని లేదు.

మనసు స్థితి రెండో పెద్ద అంశం. ఆపరేషన్ తరువాత పెద్దవారిలో చాలామందికి డెలీరియం అనే తాత్కాలిక అయోమయం వస్తుంది. ఉదయం తేటగా మాట్లాడినవారే రాత్రికి మనుషులను గుర్తుపట్టరు, గొట్టాలు పీకేసుకుంటారు. ఇది డిమెన్షియా (మెల్లగా ముదిరే మతిమరుపు జబ్బు) కాదు, చాలామందిలో కొన్ని రోజుల్లో తగ్గుతుంది. అయితే ఇది వచ్చినవారు కోలుకోవడం ఆలస్యమవుతుందన్నది నిజం. ఇక్కడే మా అమ్మ సంగతి చెప్పాలి. మూడో రోజు ఉదయం ఒక యువ వైద్యుడు వచ్చి జ్ఞాపకశక్తిని పరీక్షించే పది ప్రశ్నలు అడిగారు. ఆమె మూడింటికే జవాబు చెప్పింది, అయోమయంగా ఉన్నారని రాసుకొని వెళ్ళారు. నేను మంచం పక్కనున్న అల్మరా తెరిచి చూస్తే, ఇంటినుంచి తెచ్చిన సంచీ అడుగున చిన్న డబ్బాలో ఆమె వినికిడి యంత్రం ఉంది, కళ్ళజోడు దాని మీదే ఉంది. ఆపరేషన్ గదిలోకి తీసుకువెళ్ళేముందు తీసి దాచినవి ఎవరూ మళ్ళీ పెట్టలేదు. రెండూ పెట్టి, కాసేపు ఆగి, అవే ప్రశ్నలు నేను అడిగితే ఎనిమిదింటికి సరిగ్గా చెప్పింది. వినబడని మనిషిని ప్రశ్నలు అడిగి, మతి లేదని లెక్క కట్టాము. ఆ తప్పుడు అంకె ఏ కొలమానంలోకి వెళ్ళినా, ఆ కొలమానం ఎంత శాస్త్రీయమైనదైనా, బయటికి వచ్చేది తప్పుడు జోస్యమే.

నిజంగా డిమెన్షియా ఉన్నవారి విషయం ఇంకా సున్నితమైనది. వారికి కోలుకునే అవకాశాలు సగటున తక్కువే. కాని కోలుకోవడంపై జరిగిన చాలా పరిశోధనల్లో వారిని మొదటే పక్కన పెట్టారు. పరిశోధనలో చేర్చనివారి గురించి ఆ పరిశోధన ఏమీ చెప్పలేదు. చెప్పలేకపోవడాన్ని "వ్యాయామం వల్ల ఉపయోగం లేదు" అని అర్థం చేసుకోవడం అన్యాయం. మాట మరిచిపోయినా లేచి నిలబడే తీరు శరీరం మరిచిపోని రోగులను నేను ఎంతోమందిని చూశాను.

మూడో ఆధారం ఆపరేషన్ తరువాతి మొదటి మూడు రోజులు. డెన్మార్క్ వైద్యులు 2006లో ప్రచురించిన ఒక కొలమానం ఉంది. మంచంలోకి ఎక్కి దిగడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నడవడం అన్న మూడు పనులను రోజూ చూస్తారు. ఎంత సాయం చేసినా చేయలేకపోతే సున్నా, సాయంతోనో పక్కన మనిషి ఉండి చెబుతుంటేనో చేస్తే 1, తానుగా చేస్తే 2. రోజుకు 6, మూడు రోజులకు 18. చూడడానికి పిల్లల ఆటలాంటి లెక్కే గానీ, మంచం పక్కన నిలబడి చూసేవారికి అందులో ఎంతో కనిపిస్తుంది.

అమ్మను మొదటిసారి లేపిన రోజు చెబుతాను. మంచం అంచున కూర్చోబెట్టి, కాళ్ళు నేలకు ఆనించి, రెండు నిమిషాలు ఆగాను. ముఖం కొద్దిగా పాలిపోయి మళ్ళీ రంగు తిరిగింది. వాకర్ ముందు పెట్టి "నడుము కాస్త ముందుకు వంచమ్మా" అన్నాను. పెద్దవారు సాధారణంగా ఈ క్షణంలో వెనక్కి వాలిపోతారు, మళ్ళీ పడతామన్న భయం ముందు వీపులో కనబడుతుంది. ఆమె కూడా మొదట వెనక్కే వాలింది. రెండోసారి మంచం మీద అరచేతులు ఆనించి నెట్టుకుంది. ఆపరేషన్ అయిన కాలి మడమ నేలకు తగల్లేదు, వేళ్ళ మీదే ఆనింది. మూడు, నాలుగు సెకన్లు నిలబడి కూర్చుండిపోయింది. ఆ కాసేపట్లో నొప్పి ఎంత ఉందో, తొడ కండరంలో పట్టు ఎంత మిగిలిందో, రక్తపోటు నిలుస్తోందా లేదా, చెప్పింది అర్థం చేసుకుని చేయగలుగుతోందా, భయం ఎంత ఉంది, పట్టుదల ఎంత ఉంది అన్నవన్నీ కనబడ్డాయి. ఏ ఎక్స్‌రే చూపించగలదు వీటిని?

ఆ మొదటి రోజుల్లో లేపకపోతే నష్టం ఎంత త్వరగా జరుగుతుందో చాలామందికి తెలియదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిని పరిశోధన కోసం 10 రోజులు మంచం మీదే ఉంచి చూసినప్పుడు, ఒక్క కాళ్ళలోనే దాదాపు కిలో దాకా కండ తరిగిపోయిందని 2007లో ప్రచురితమైంది. వారికి ఎముక విరగలేదు, ఆపరేషన్ కాలేదు, రక్తం పోలేదు. అటువంటివారికే అంత నష్టమైతే, రక్తహీనతతో, నొప్పితో, సరిగా తినలేని స్థితిలో ఉన్నవారి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. "నడవరు" అని ముందే అనుకుని పడుకోబెడితే నడవలేకపోవడం ఖాయమవుతుంది, ఆ తరువాత మేము ముందే చెప్పామనుకుంటాము. జోస్యమే జబ్బుగా మారిన సందర్భం అది.

అంచనా అనేది రోగి ఒంట్లో ఉన్న గుణం కాదు, రోగికి అందబోయే వైద్యం కూడా అందులో భాగమే అని నా అభిప్రాయం. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో, పడకముందు నడవగలిగిన 70 ఏళ్ళు పైబడిన 397 మందిపై జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. వారిలో సగం మందికి మామూలు ఎముకల వార్డులో, మిగతా సగం మందికి వృద్ధుల వైద్యంలో అనుభవమున్న బృందం మొదటినుంచీ అన్ని విషయాలూ చూసుకునే వార్డులో చికిత్స చేశారు. నాలుగు నెలల తరువాత రెండో జట్టువారి నడక, నిలకడ మెరుగ్గా ఉన్నాయి. అదే వయసు, విరిగింది అదే ఎముక, వార్డు మాత్రం వేరు. మరోవైపు, కుటుంబాలు ఎంతో మథనపడే కొన్ని విషయాల ప్రభావం అనుకున్నంత ఉండదు. పూర్తి మత్తా, నడుములో ఇచ్చే ఇంజెక్షనా అన్న ప్రశ్నపై 1,600 మందితో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, 60 రోజులనాటికి మరణించినవారు లేదా కొత్తగా నడక కోల్పోయినవారు రెండు జట్లలోనూ ఇంచుమించు 18 శాతమే. 17 దేశాల్లో జరిగి 2020లో వెలువడిన మరో అధ్యయనంలో, ఆపరేషన్‌ను ఒక రోజుకు బదులు సుమారు ఆరు గంటల్లోనే చేసినందువల్ల మరణాలు తగ్గలేదు, అయితే డెలీరియం తగ్గింది, రోగులు త్వరగా లేచారు.

కోలుకోవడానికి ఒక క్రమం, ఒక కాలం ఉన్నాయి. 1963లో అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ బృందం రోజువారీ పనుల సూచికను ప్రచురించినప్పుడు, రోగులు ముందు తినడం, మలమూత్రాల మీద అదుపు, తరువాత మంచం దిగడం, మరుగుదొడ్డికి వెళ్ళడం, చివరగా బట్టలు వేసుకోవడం, స్నానం చేయడం తిరిగి నేర్చుకుంటున్నారని గమనించింది. పసిపిల్లలు ఆ పనులు నేర్చుకునే వరసను అది పోలి ఉందని కూడా రాసింది. కాలం విషయానికొస్తే, అమెరికాలో మాగజీనర్ బృందం రోగులను రెండేళ్ళపాటు గమనించి 2000లో ప్రచురించిన వివరాల ప్రకారం, దిగులు తగ్గడం, చేతులతో చేసే పనులు వంటివి సుమారు నాలుగు నెలల్లో తమ గరిష్ఠ స్థాయికి చేరితే, కాళ్ళతో చేసే పనులు మెరుగుపడుతూ ఉండడానికి ఏడాది దాకా పడుతుంది. ఈ సంగతి తెలియక ఆరో వారంలో కుట్లు మానాయి, ఎముక అతుక్కుంటోంది అని వ్యాయామం ఆపేసేవారు ఎందరో. కాళ్ళు కోలుకోవలసిన కాలంలో ఎక్కువ భాగం అప్పటికింకా మిగిలే ఉంటుంది.

ఈ మధ్య కంప్యూటరులో వివరాలు నింపితే శాతాలు చెప్పే సాధనాలు వస్తున్నాయి. నేను వాటికి వ్యతిరేకిని కాను. కాని ఏ సాధనం ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో చూసుకోవాలి. 2008లో వచ్చిన నాటింగ్‌హామ్ స్కోరు వయసు, హిమోగ్లోబిన్, జ్ఞాపకశక్తి, ఇతర జబ్బులు వంటివి చూసి 30 రోజుల్లో మరణించే అవకాశాన్ని అంచనా వేస్తుంది. నడక గురించి చెప్పడానికి అది పుట్టలేదు. ఇక సాధనం "35 శాతం" అన్నప్పుడు, ఇటువంటివారు 100 మంది ఉంటే 35 మంది కోలుకుంటారని అర్థం, ఈ మనిషి కోలుకోరని కాదు. ఆ సాధనం ఎవరి వివరాలతో తయారైందో, వేరే ఆస్పత్రుల రోగులపై సరిచూశారో లేదో, మధ్యలో మరణించినవారినీ ఆచూకీ దొరకనివారినీ ఎలా లెక్కించారో కూడా అడగాలి. రోగులను మంచానికే వదిలేసిన చోట సేకరించిన వివరాలనుంచి యంత్రం నేర్చుకునేది మంచాన్నే.

నాతో పనిచేసే ఒక పెద్ద వైద్యురాలు, నేను ఆశలు పెంచుతానని మందలిస్తుంటారు. ఆమె మాటలో న్యాయముంది. పడకముందే ఇంట్లో గోడ పట్టుకుని తిరిగేవారు, తరువాత బయట స్వేచ్ఛగా నడవడం దాదాపు జరగదు. అది తెలిసీ చెప్పకపోతే, కుటుంబం నెలల తరబడి జరగని దానికోసం ఎదురుచూసి, చివరికి రోగిదే తప్పన్నట్టు "మీరు ప్రయత్నించడం లేదు" అని విసుక్కునే దాకా వస్తుంది. అలా మాట పడ్డ ఒక పెద్దాయన గోడవైపు తిరిగి పడుకోవడం నేను చూశాను. అందుకే చేదైన అంచనాను కూడా చెప్పాలనే అంటాను, అయితే పనుల లెక్కన చెప్పాలి. "నడుస్తారు, నడవరు" అనడం కన్నా "ఆరు వారాలకు ఒక మనిషి సాయంతో మరుగుదొడ్డికి వెళ్ళగలరు, నాలుగు నెలలకు వాకర్‌తో ఇంట్లో తిరిగే అవకాశం ఎక్కువ, మెట్లు ఎక్కడం అనుమానం" అంటే కుటుంబానికి ఏ ఏర్పాటు ఎప్పటికి చేసుకోవాలో తెలుస్తుంది. ఆ మాటను రోగి ఎదుటే, రోగితోనే చెప్పాలి. మా అమ్మ భవిష్యత్తును ఆస్పత్రి నడవాలో నిలబడ్డ మాకు చెప్పారు గానీ, మంచం మీదున్న ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆస్పత్రులను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. చేర్చుకున్న రోజే, పడకముందు రెండు వారాల్లో రోగి ఏమేమి చేసేవారో కేస్ షీట్‌లో రాయాలి. వినికిడి యంత్రం, కళ్ళజోడు ఉన్నాయా, పెట్టారా అన్నది పక్కనే రాయాలి. మొదటి అంచనా మూడో రోజు దాటాకే చెప్పాలి, ఆరో వారంలో, నాలుగో నెలలో మళ్ళీ చూసి సరిదిద్దాలి. ఎముకలు గుల్లబారకుండా మందు మొదలుపెట్టారా అన్నది కూడా అప్పుడే చూడాలి, ఎందుకంటే రెండో తుంటి విరిగితే పాత అంచనాలన్నీ చెల్లిపోతాయి. తుంటి ఆపరేషన్ తరువాత 90 రోజుల్లోపు జోలెండ్రోనిక్ యాసిడ్ అనే ఎముకల మందు మొదలుపెట్టి ఏడాదికోసారి ఇచ్చినవారిలో కొత్తగా ఎముకలు విరగడం 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయని 2007లోనే తేలింది.

అమ్మ నాలుగో నెలకు చేతికర్రతో ఇంట్లో తిరిగింది. ఏడాదికి కమ్మీ పట్టుకుని ఆరు మెట్లు ఎక్కింది. స్నానానికి మాత్రం ఈనాటికీ ఒకరు పక్కన ఉండాలి, ఇంటి బయటికి ఒంటరిగా వెళ్ళదు. పడకముందు ఆమెకు పార్కర్ కొలమానంలో 7 మార్కులు వచ్చేవి. ఆ మూడు ప్రశ్నలు మొదటి రోజే ఎవరైనా అడిగి ఉంటే ఇంచుమించు ఇదే సంగతి అప్పుడే కొంతవరకు ఊహించగలిగేవారు, ఆమెకు మంచంలో పోయిన రోజులు మిగిలేవి. వీలైతే ఆ మూడు ప్రశ్నలనూ మీ ఆరోగ్య పేజీలో చిన్న పెట్టెకట్టి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. వైద్యులు అడగకపోయినా, కుటుంబం జవాబులు ఒక కాగితం మీద రాసి కేస్ షీట్‌కు జతచేయమని ఇవ్వవచ్చు.

భవదీయురాలు,
ఒక ఫిజియోథెరపిస్టు